చోటు చూడబోయినవారు

నివాసమునకు దగిన యూరెట్టిదో మన పూర్వులు పిల్లలకు బడిలోనే నేర్పుచుండిరి. సుమతీశతకమును వల్లించినవారికందరకును ఆ లెక్క తెలియును. అవసరమునకు ఋణమిచ్చు ధనికుడు, రోగమును కుదుర్చు వైద్యుడు, వేసవిలోను ఎండని యేరు, బ్రాహ్మణుడు. ఈ నాలుగును గలచోటనే కాపురముండవలెననియు, లేనిచోట అడుగిడవలదనియు శతకకారుని మతము. చాణక్యనీతి యీ లెక్కకు రాజును గూడ జేర్చి యైదు చేసినది. రెండింటను నీరున్నది, వైద్యుడున్నాడు, ధనికుడున్నాడు. అయితే ముందుగా ఆ యూరికి పోయి ఇవి యున్నవో లేవో చూచిరావలసినవారెవరో రెండింటను లేదు. పురుషుడు పోయి చూచివచ్చుననియు, ఇల్లాలు తట్టాబుట్టా సర్దుకొని వెంట నడచుననియు అందరకును తెలిసినదే గదా యని కాబోలు, దానిని ప్రత్యేకముగా చెప్పవలెనని యెవరికిని దోచలేదు.

నా మనవి యంతయు ఈ యొక్క లోపమును గూర్చియే. చోటు చూచివచ్చినవారొకరును, ఆ చోటి కష్టములను మోసినవారు వేరొకరును అగుట మన వలసల చరిత్రలో పదేపదే కానవచ్చుచున్నది. దీనిని విచారించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఒక తెలుగు గ్రామమును తీసికొని చూతము.

హైదరాబాదు నగరమునకు పడమట, శేరిలింగంపల్లి మండలమున, కొండాపురమను గ్రామము కలదు. (సంగారెడ్డి కడనున్న కొండాపురము వేరు. గులాం యజ్దానీగారి కాలమున, 1940వ సంవత్సర ప్రాంతమున, త్రవ్వకములు జరిగి శాతవాహనుల నాణెములు బయల్పడినది ఆ కొండాపురమున. పేరునుబట్టి పలువురు పొరబడుచుందురు.) నేడు దీనిని కొండాపూర్ అని వ్యవహరించుచున్నారు. పాతికేండ్లుగా శ్రీకాకుళమునుండియు, కడపనుండియు, కరీంనగరమునుండియు తల్లిదండ్రులు రాత్రి బస్సెక్కి, తెల్లవారుజామున మియాపురముకడ దిగి, కొడుకునకో కూతునకో ఇల్లు చూచుటకై నడచుచున్న దారులలో ఈ గ్రామపు దారి యొకటి.

ముందీ నేల స్వభావమును చెప్పవలెను. ఇచట నేలయడుగున నున్నది నల్లరేగడి గాదు, ఇసుక గాదు. కఠినమైన గ్రానైటు శిల. దాని వయస్సు రమారమి 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒకదానిపై నొకటి పేర్చినట్లు గానవచ్చు గుండ్లను చూచి క్రొత్తవారు ముచ్చటపడుదురు గాని, ఆ గుండ్లే అచటి నీటికథను చెప్పుచున్నవి. ఇసుకనేల స్పంజివలె నీటిని పీల్చి దాచుకొనును. గ్రానైటు అట్లు దాచుకొనలేదు. పైనున్న పలుచని మట్టిపొరలోను, శిలలోని పగుళ్లలోను ఎంత పట్టునో అంతయే. పగులు తగిలిన బోరుబావిలో నీరుండును; పది గజముల యవతల నింకొక బోరు వేసిన దుమ్ము లేచును. వర్షపునీటిని నేలయడుగున దాచుకొనలేని దేశమున దానిని నేలపైననే ఆపుకొనవలెను. కాకతీయుల నాటినుండియు తెలంగాణమున చెరువులు గొలుసువలె, ఒకదాని యలుగు మరియొకదానిలో పడునట్లు, త్రవ్వబడుటకు కారణమిదియే. అది భక్తియు గాదు, వైభవమును గాదు. శిలతో మానవుడు చేసికొన్న యొడంబడిక.

కొండాపురమునకు తూర్పున మాదాపూరు చేరువనున్న దుర్గముచెరువు అట్టిదే. దాని నీరు గోలకొండకోటకు పోవుచుండెడిది. మట్టిగొట్టములద్వారా వచ్చిన నీటిని మెట్టుమెట్టుగా ఏతపుచక్రములతో తోడి, కోటలోని తొట్లను నింపుచుండిరి. కోటను చూడబోయినవారికి మార్గదర్శకులు చప్పట్లు కొట్టి ప్రతిధ్వనిని వినిపింతురు. ఆ గొట్టముల శకలములను చూపువారు తక్కువ. నా మట్టుకు నాకు చప్పట్లకన్న గొట్టములే విశేషముగా దోచినవి.

గోలకొండలో జనము క్రిక్కిరిసి, నీరు చాలక, రోగములు ప్రబలగా, 1591లో ముహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణముగా క్రొత్త నగరమును నిర్మించెను. నగరపు రూపురేఖలు తీర్చినవాడు పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ. వారు ఆ చోటును కన్నులు మూసికొని యెంచుకొనలేదు. 1578లోనే మూసీపై వంతెన యేర్పడియుండెను. 1562 ప్రాంతమున హుస్సేన్‌సాగరము త్రవ్వబడియుండెను. దారియు నీరును కుదిరిన పిమ్మటనే చార్మినారు లేచినది. ఇది తెలివిగల యన్వేషణమే. అయినను ఏటియొడ్డును చూచినవారు ఏటిని ప్రసన్నముగానున్న దినమున చూచిరి. నగరము పుట్టిన 317 సంవత్సరములకు, 1908 సెప్టెంబరు 28వ తేదిని, మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. ఏటిగట్టున కాపురమున్నవారెవరును ఆ చోటు నెంచుకొన్నవారు గారు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా యడిగి, 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తిచేసిరి. వరదను ఆపుటకు గట్టిన యా రెండు జలాశయములే నగరమునకు త్రాగునీరిచ్చినవి.

రాజులు చోటు చూచుట యట్లుండగా, రైతులు చూచుట మరియొక రీతి. దీనికి మన దేశమున స్పష్టమైన దృష్టాంతము నిజాంసాగరము. మంజీరానదిపై 1923 మొదలు 1931 వరకు నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున ఆ యానకట్ట నిర్మింపబడెను. దాని క్రింద 2,75,000 యెకరములు సాగునకు రాదగినవని యంచనా. కాలువలు వచ్చినవి గాని కాలువనీటి వరిసేద్యము అచటి రైతులకు క్రొత్త. కృష్ణా గుంటూరు మండలములలోనో, ధవళేశ్వరము బెజవాడ యానకట్టల మాట పుట్టిన 1850 ప్రాంతమునుండి మూడు తరములు ఆ సేద్యముననే ఆరితేరియుండిరి. అన్నదమ్ముల పంపకములచేత వారి పొలములు చిన్నవైనవి, వెల మిన్నంటినది. డెల్టాలో ఒక యెకరమమ్మిన సొమ్ముతో నిజాము రాజ్యమున పలు యెకరములు కొనవచ్చునని తెలియగానే, బోధను, బాన్సువాడ, వర్ని, కోటగిరి ప్రాంతములకు వారి ప్రయాణములు మొదలైనవి.

ఆ ప్రయాణముల తీరు పెద్దలు చెప్పగా విన్నవారు నేటికిని కలరు. కోతలైన పిమ్మట ఇద్దరు ముగ్గురు మగవారు బయలుదేరుదురు. మన్ను పిడికిట పట్టి నలిపి చూతురు. నోట వేసికొని ఉప్పదనము చూచువారును కలరు. కాలువ తూము ఎంత దూరమో అడుగులతో కొలుతురు. పట్వారీని కలిసికొని కాగితముల సంగతి కనుగొందురు. ఇంటికి తిరిగివచ్చి పొలమునుగూర్చి మూడు రాత్రులు చెప్పుదురు. ఆ పొలము చూచిన కన్నులను నేను తక్కువచేయను. వారి లెక్క తప్పలేదు. 1937లో బోధనుకడ శక్కరునగరున నెలకొల్పబడిన చక్కెర కర్మాగారమునకు చెరకు పండించినవారిలో వారును వారి సంతతియు నుండిరి. (ఆ కర్మాగారము 2015లో మూతపడినది.) తరువాత 1953లో తుంగభద్ర నీరు వదలగా, గంగావతి సింధనూరు ప్రాంతములకు పోయినవారును ఈ పద్ధతినే యనుసరించిరి. వారి నివాసములకు క్యాంపులని పేరు వచ్చినది. నాలుగు దినములుండి పోవుదుమన్నట్లున్న యా పేరు తరములు గడచినను పోలేదు.

కాని ఆ మగవారు చూడనివి కొన్ని కలవు. మంత్రసాని యెంత దూరమున నున్నది? త్రాగునీటి బావి యెచటనున్నది, కడవ నెత్తికెత్తుకొని యెంత నడువవలెను? ఆడపిల్లకు బడి యున్నదా? ఈ ప్రశ్నలు మన్ను నలుపుటచేత తెలియవు. వీనిని అడుగవలసినవారు గుంటూరుసీమలో వంటయింట నుండిరి. పొలమునకు చాలినంత కాలువనీరును, ఇంటికి చాలని త్రాగునీరును గల క్యాంపులోనికి వారు బిడ్డలతో దిగిన తరువాతనే ఆ ప్రశ్నలు పుట్టినవి. మరియొక సంగతి యేమన, ఆ క్యాంపులు పాతయూళ్లకు ఎడముగా వెలసినవి. పాతయూరివారు తమ భూమి యేల అంత చవుకగా పోయినదో గ్రహించులోపల అది పోయినది. తరువాత ఎన్నియో యేండ్లు రెండు పక్షములును ఒకరినొకరు అనుమానముతో చూచుకొనుటకు అంకురము ఆ తొలినాటి యెడములోనే కలదని నా యభిప్రాయము.

ఇది మనకే పరిమితమైన లోపము గాదు. మోషే ప్రవక్త కనానుదేశమును చూచిరమ్మని పన్నిద్దరిని పంపెననియు, వారు నలువది దినములు తిరిగి ద్రాక్షగెల నొకదానిని కఱ్ఱకు కట్టి మోసికొని వచ్చిరనియు యూదుల గ్రంథమున కలదు. పన్నిద్దరును పురుషులే. 1620లో ఇంగ్లండునుండి మేఫ్లవర్ ఓడలో పోయినవారు అమెరికా తీరమున దిగి, వారములకొలది చోటు వెదకుచు, అచటి మూలవాసులు పాతరవేసికొన్న మొక్కజొన్నను త్రవ్వి తెచ్చుకొనిరి. తుదకు అంటువ్యాధిచేత జనము నశించిన యొక గ్రామపు చోటనే ప్లిమత్తు పట్టణము గట్టుకొనిరి. చూడబోయినవానికి తాను చూడదలచినదే కనబడును. పాతరలోని గింజ కనబడినది. దానిని దాచినవారు కనబడలేదు.

ఇక మన కొండాపురమునకు వత్తము. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఈ ప్రాంతమున నెలకొల్పబడునాటికి చుట్టునున్నవి జొన్నచేలు, చెరువుల క్రింది వరిమళ్లు, సీతాఫలపు పొదలు, పశువులు మేయు కంచెలు. గచ్చిబౌలి భూములకు నేటికిని కంచె యను పేరు అంటియున్నది; అందలి 400 యెకరములనుగూర్చి 2025లో తగవు రేగి, ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు చెట్ల నరకుటను ఆపినది. 1998 నవంబరు 22వ తేదిని మాదాపూరున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ యేర్పడెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలకము మహానగరమున కలిసెను. 2019లో మెట్రో రైలు మార్చినెలకు హైటెక్ సిటీకిని, నవంబరునకు రాయదుర్గమునకును వచ్చినది. 2023 జనవరి మొదటి దినమున కొత్తగూడ కూడలిపై వంతెన తెరచిరి. ఇవి యన్నియు దారులకును భవనములకును సంబంధించిన తేదులు. చోటు చూడవచ్చువారికి అమ్మకపుదారులు వల్లించునవియు నివియే. కార్యాలయమునకు పది నిమిషములు, విమానాశ్రయమునకు నలువది నిమిషములు అని వారు చెప్పుదురు. ఏ గంటకు బయలుదేరినచో పది నిమిషములో మాత్రము చెప్పరు.

శతకకారుని లెక్కకు ఈ గ్రామమును సరిచూచిన వింతగా నుండును. ఋణమిచ్చువాడున్నాడు, ఇరువదియేండ్ల వాయిదాలపై నిచ్చు బ్యాంకువాడు ఫ్లాటు చూచుటకు మునుపే ఫోను చేయును. వైద్యుడున్నాడు, ప్రభుత్వ వైద్యశాలయు, ప్రయివేటు వైద్యశాలలును కలవు. రాజును గూడ లెక్కింపగోరువారికి ప్రత్యేక పోలీసుల యెనిమిదవ పటాలము ఈ యూరనే యున్నది. రమారమి 270 యెకరముల వృక్షోద్యానమొకటి యున్నది. అది యే శతకమునను లేని లాభము. లేనిది ఎండని యేరు.

ఏరు లేనిచోట నగరము నీటిని కొనితెచ్చుకొనినది. తొలుత మంజీర, పిదప సింగూరు, 2004 మొదలు నాగార్జునసాగరమునుండి కృష్ణ, 2015 మొదలు ఎల్లంపల్లినుండి గోదావరి. ఇవి దూరమునుండి గొట్టములలో ఎత్తిపోసిన నీళ్లు. గోలకొండవారు దుర్గముచెరువునుండి తెచ్చుకొన్న పద్ధతియే ఇది. దూరము మాత్రము పెరిగినది. ఆ నీరు చాలని వేసవులలో ట్యాంకరు వచ్చును. 2024 వేసవి మొదట ఈ పడమటి ప్రాంతమున ట్యాంకర్లకై పడిన పాట్లు పత్రికలు చదువువారందరకును గుర్తుండియుండును.

కిందటి వేసవి సెలవులలో నా సోదరి కుమార్తెతో గూడ నేను కొండాపురమునకు పోవలసివచ్చెను. ఆమె గచ్చిబౌలిలో ఉద్యోగము చేయుచు హాస్టలులో నుండెడిది. ఫ్లాటు కొనవలెనని మా బావగారి సంకల్పము. ఆయనకు తీరికలేక, బడిపంతులకు సెలవులేగదా యని నన్ను పంపిరి. అమ్మకపు కార్యాలయమున నొక యువకుడు మాకు చల్లని పానీయమిచ్చి, ఈతకొలను బొమ్మను, వ్యాయామశాల బొమ్మను, పిల్లలాడుకొను చోటి బొమ్మను చూపెను. నేను తల యూపుచుంటిని. మా పిల్ల బొమ్మలను చూచి లేచి, వీథి దాటి, అయిదేండ్ల క్రిందట గట్టిన వేరొక అపార్టుమెంటు లోనికి పోయినది. అచట కాపలావాని భార్య కుళాయికడ గిన్నెలు తోముకొనుచుండెను.

"అక్కా, ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయి?"

"దినాం నాలుగొస్తయ్ మేడం. బోరు సంకురాత్రికే ఎండింది."

"మరి నల్లా నీళ్లు?"

"దినం తప్పి దినం ఇడుస్తరు. గంటసేపు."

"అర్ధరాత్రి ట్యాంకరు వస్తే ఎవరు లేస్తారు?"

"ఎవరు లేస్తరమ్మా, నేనే లేస్తా. పైపు తగిలిచ్చి నిండెదాంక కూసుంటా."

అమ్మకపు యువకుడు అరగంటలో చెప్పనిది ఆ నాలుగు మాటలలో తెలిసెను. మా పిల్ల మరల అడిగినది: "మీరు ఈ చోటు ముందు చూసుకునే వచ్చారా?"

ఆమె నవ్వినది. "మాకు జూసేదేముంటదమ్మా? మేస్త్రి తోల్కొచ్చిండు. లారీ దిగినంక తెలిసింది యే ఊరో."

ఆమెది నారాయణపేట దిక్కు. తొలుత ఈ భవనమునకే కంకర మోసి, భవనము పూర్తియైన పిమ్మట భర్తకు కాపలాపని దొరకగా, క్రింది యంతస్తులో కార్లు నిలుపుచోట ఒక గదిలో కాపురముండెను. వారి యూరికి కాలువ లేదని, వానపడిననే పంటయని చెప్పినది.

మా పిల్ల నాతో, "మామయ్యా, ఒక వేసవి ఇక్కడే అద్దెకుండి చూస్తాను. తరువాతనే కొనే మాట" అనెను. ధరలు పెరుగుచుండగా ఏడాది వృథా చేయుదురా యని మా బావగారు నాపై కోపించిరి. ఆయన కోపమును నేను భరింపగలను. చోటును మూడు గంటలలో చూచి ఇరువదియేండ్ల ఋణమునకు చేవ్రాలు చేయుటకంటె, మూడు నెలలు దాని నీరు త్రాగి చూచుట మేలని ఆ పిల్ల యెంచినది. నిజాంసాగరమునకు పోయిన పెద్దలలో ఒక్కరైనను ఇల్లాలిని వెంటగొని, ఒక వేసవి యచట గడపివచ్చియుండిన, క్యాంపుల చరిత్ర కొంత వేరుగా నుండెడిది.

కాపలావాని భార్య చెప్పిన మాట మాత్రము నన్ను వదలలేదు. చూచుకొని వచ్చుట యనునది కలిగినవారి సౌకర్యము. పాలమూరు మండలమునుండి మట్టిపనికిని, రాతిపనికిని తరములుగా పోవుచున్నవారికి ఆ సౌకర్యమెన్నడును లేదు. మేస్త్రి ముందుగా సొమ్మిచ్చును. ఆ సొమ్ము తీరువరకు ఆలుమగలు, ఒక్కొక్కప్పుడు పిల్లలును, అతడు చూపినచోట పనిచేయవలెను. చోటు చూచినవాడు మేస్త్రి. అతడు చూచినదో తన లాభము.

సముద్రము దాటినవారి సంగతియు నంతే. 1860 నవంబరు 16వ తేదిని చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ నేటాలుదేశపు డర్బన్ రేవును చేరినది. కూలియొడంబడికపై పోయిన యా తొలి జట్టులో తెలుగువారును కలరు. 1903 మొదలు చెన్నపట్టణమునుండి ఫీజీకి ఓడలు నడచినవి. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని ప్రభుత్వము నియమము పెట్టినది గాని, ఆ నలువదిమందిలో ఒకతెయైనను ముందుగా ఆ దీవి యెచటనున్నదో తెలిసికొని పోయెనని నమ్మజాలము. 1917లో ఆ పద్ధతిక్రింద జనమును చేర్చుట నిలిచినది. బర్మాకు పోయినవారిని నడిపినవాడును మేస్త్రియే. రంగూను రేవున బరువులు మోసిన తెలుగు కూలీలు 1930 మే నెలలో జరిగిన యల్లర్లలో హతులైరి. 1942లో జపానుసేన రాగా, ఓడ దొరకని వేలకొలది జనులు కొండలు నడచి తిరిగివచ్చిరి. ఆ దేశమును పొగడి వీరిని పంపినవారెవరును ఆ కొండలలో నడువలేదు.

శతకములోని నాలుగవ యంగమును గూర్చి చెప్పక దాటుట న్యాయము గాదు. బ్రాహ్మణుడుండవలెనని శతకకారుడు తన కాలపు కర్మకాండనుబట్టి చెప్పెను. ఆ కాలము గడచినది. అయితే ఆ యంగము కొండాపురమున వేరొక రూపున బ్రతికియున్నది. అద్దెయింటికై పోయినవారిని "మీరెవరండీ?" యని యడుగుదురు. ఇది పేరు అడుగుట గాదని మన చదువరులకు విన్నవింప నక్కరలేదు. పేరు చెప్పిన ఊరడుగుదురు, ఊరు చెప్పిన ఇంటిపేరడుగుదురు, అప్పటికిని తేలనిచో వంటయింటి సంగతి యడుగుదురు. ముసల్మానునకు ఇల్లు ఖాళీ లేదగును. మాలమాదిగలకు నిన్ననే యెవరికో మాటయిచ్చితి మగును. ఒంటరిగానున్న ఉద్యోగినికి రాత్రి తొమ్మిది దాటిన తలుపు తీయమగును. అంతరిక్షమున ఉపగ్రహముతో మాటలాడు యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు పట్టణమున, ఇల్లు చూడబోయిన యువతి తన కులమును దాచవలెనా చెప్పవలెనా యని మెట్లపై నిలిచి ఆలోచించుకొనుచున్నది. కొనువారును తక్కువ తినలేదు. ఫ్లాటు చూడవచ్చిన పెద్దమనుష్యులు నీటిసంగతి యడుగకున్నను, "మనవారెందరున్నారు?" అని తప్పక యడుగుదురు. కొన్నాళ్లకు ఆ భవనమును గుంటూరు క్యాంపువలెనే యగును. గోడ మాత్రము గ్రానైటుది.

ఇల్లు చూడబోవువారికి ఉపయోగించు మాట యొకటి చెప్పుదును. పాత గ్రామపటములలో చెరువులు, వాని అలుగులు, కాలువలు గీయబడియున్నవి. చెరువు నిండినప్పుడు నీరెంతవరకు వచ్చునో ఆ గీతకు పూర్తి నీటిమట్టమని పేరు. ఆ గీతలోపల గట్టిన ఇల్లు పది వేసవులు పొడిగానుండి పదునొకండవ వర్షమునకు మునుగును. 2020 అక్టోబరు 13వ తేది రాత్రి కురిసిన వానకు నగరమున పెక్కు కాలనీలు మునిగినది ఇట్టి కారణములచేతనే. 2024లో ప్రభుత్వము హైడ్రా యను సంస్థను నెలకొల్పి, చెరువుల యాక్రమణలను తొలగింపజొచ్చినది. ఆ యేటనే దుర్గముచెరువు చుట్టునున్న ఇండ్లవారికి నోటీసులందినవి. కొన్నవారు బిత్తరపోయిరి. వారికి అమ్మినవారు, అనుమతులు తెచ్చినవారు, పటమును చూడకయే పోయిరనుకొనుట కష్టము. చూచిరి, అందులో కాపురముండువారు తాము గారు.

మా మేనకోడలు జూన్ నెలలో ఆ వీథినే యొక గది అద్దెకు తీసికొన్నది. కాపలావాని భార్యతో చెలిమి కుదిరినది. ఆమె కొడుకునకు ఆదివారములందు లెక్కలు చెప్పుచున్నదట. నల్లానీరు విడుచు దినమున ఆ నేలగదివారు నాలుగు బిందెలు పట్టుకొందురు. నారాయణపేట దిక్కున తెలుగునేలపై అడుగిడిన కృష్ణయే పాలమూరు మండలమంతయు నొరసికొనుచు నాగార్జునసాగరమునకు చేరును. 1955లో పునాదిరాయి వేసి 1967లో పూర్తిచేసిన ఆ రాతికట్టడమునకు రాళ్లు మోసినవారిలో ఆమె మండలమువారును కలరు. అచటినుండి గొట్టములలో ఎక్కి, దినము విడిచి దినము, గంటసేపు, ఆమెకడకు వచ్చుచున్నది ఆ నీరే.